నాలుగు వేళ్ల వార్త

“ఈ బొమ్మ వెళ్లదు,” అంది ఆ అమ్మాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. మా పత్రికలో కార్టూన్లు వేసేది నేను. తప్పొప్పులు సరిచూసే డెస్కులో ఆమె చేరి పట్టుమని నెల కాలేదు. ఆఫీసులో అందరం ఎర్రపెన్సిల్ అని పేరు పెట్టి నవ్వుకుంటున్నాం.

“ఎందుకు వెళ్లదండీ?”

“మీసం.”

‘బయటివాళ్ల దగ్గర కొనకండి’ అంటూ ఊళ్లో కొత్త ఉద్యమం ఒకటి బయల్దేరింది. దాని నాయకుడికి హిట్లర్ మీసం తగిలించాను.

“పోయిన వారం కరెంటు మంత్రికీ ఇదే మీసం. పార్కింగ్ ఫీజు పెంచిన మేయరుకీ ఇదే. స్టాకు మిగిలిపోయిందా, మీసాల మాస్టారూ?”

“వీళ్లు నిజంగానే నాజీలు!”

“ఏ విషయంలో? ఒక్కటి చెప్పండి, రాసుకుంటాను.”

ఉక్రోషం వచ్చింది. “మీ అన్నయ్య వాళ్ల ఊరేగింపుల్లో తిరుగుతాడట కదా! అందుకేనా ఈ వెనకేసుకు రావడం?”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం పెంచలేదు. “రండి,” అంది.

పాత పత్రికల గదికి తీసుకెళ్లింది. బయట వాన దంచేస్తోంది. 1933 పత్రికలు కుట్టిన బైండు దించి, ఏప్రిల్ మొదటి వారం తెరిచింది.

ఐదో పేజీలో నాలుగు వేళ్ల వెడల్పు వార్త. జర్మనీలో యూదుల దుకాణాల ముందు నాజీలు నిలబడ్డారు. కొనడానికి వచ్చినవాళ్లని అడ్డుకున్నారు. అద్దాల మీద కాగితాలు అంటించారు. దాని కింద పేజీ అంతా పరుపుల ప్రకటన.

“ఇంతేనా?” అన్నాను.

“ఇంతే. చదివినవాళ్లు పేజీ తిప్పేసి ఉంటారు.”

లేచి, ఒక్కో బైండునీ తాకుతూ అర వెంట నడిచింది. “ఉద్యోగాలు తీసేశారు. యూదులతో పెళ్లిళ్లు నిషేధించారు. ఇళ్లు లాక్కున్నారు. రైళ్లెక్కించారు.” 1945 దగ్గర ఆగింది. “అరవై లక్షల మంది.”

1933 నుంచి అక్కడికి గట్టిగా పది అడుగులు లేవు. ఇదంతా చదివి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అయినా ఇంత దగ్గరని ఏనాడూ తట్టలేదు. ఆ గదిలో కాలు కదపాలన్నా భయమేసింది.

“పోల్చొద్దనడం లేదండీ. ఆ మొదటి బైండుతో పోల్చండి. వీళ్లు రైళ్లెక్కించారంటే అబద్ధం. బయటివాళ్ల దుకాణాలకి స్టిక్కర్లు అంటిస్తున్నారన్నది నిజం. మీసం పెడితే అన్నయ్య నవ్వేసి, రెట్టించి ఊరేగింపులకి వెళ్తాడు. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది అన్నయ్యే. నాకు మా అన్నయ్య కావాలి.”

ఇలాంటి మనిషినా ఇన్నాళ్లుగా వెక్కిరించింది! సిగ్గేసింది. ప్రేమ కూడా అప్పుడే పుట్టింది, దాచుకోవడం దేనికి?

“సారీ అండీ.”

“డెడ్‌లైన్ ఐదింటికి. సారీలు తర్వాత, ముందు గియ్యండి.”

పక్కపక్కన రెండు దుకాణాలు గీశాను. ఒకదాని కింద 1933, రెండోదాని కింద ఆ రోజు తేదీ. రెండింటి అద్దాల మీదా కాగితం, అద్దం వెనక నిలబడి చూస్తున్న మనిషి. ఆమె చాలాసేపు చూసి, పెన్సిల్ పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. వాళ్లన్నయ్య మా పత్రిక ముందేసుకుని కూర్చున్నాడు. ఇక ఆగితే ధైర్యం చాలదని గబగబా చెప్పేశాను.

“మీ చెల్లెల్ని పెళ్లి చేసుకోవాలనుందండీ. ఆవిడ ఇంకా ఊఁ అనలేదు.”

“అడిగితే కదా అనడానికి!” అంది ఆమె తలుపు చాటునుంచి.

ఆయన నవ్వలేదు. బొమ్మలో రెండో దుకాణం మనిషి మీద వేలు పెట్టాడు. “ఈయన మా వీధి మందుల షాపాయన. నువ్వెప్పుడు చూశావ్?”

“చూడలేదండీ. ఊహించి గీశాను.”

వాళ్లన్నయ్య మొహం పాలిపోయింది. జేబులోంచి స్టిక్కర్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. “ఇరవై ఇచ్చారు. మొన్న ఒక్కటే అంటించాను, ఆయన షాపుకే. లోపలినుంచి అచ్చం ఇలాగే చూశాడు. ఒక్క తిట్టు తిట్టినా బావుండేది. మా నాన్నకి ఆఖరి రోజుల్లో మందులు ఇంటికి తెచ్చిచ్చింది ఆయనే.”

ఆమె లోపలికెళ్లి బకెట్‌లో వేణ్ణీళ్లూ, ఒక పాతగుడ్డా తెచ్చి అన్నయ్య ముందు పెట్టింది. ఆయన బకెట్ ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లి, నా వైపు తిరిగాడు.

“ఆయన మొహం ఎలా చూడాలో తెలీడం లేదు,” అన్నాడు. “నువ్వు నా పక్కన ఉండు బావా, పద.”