పక్కది తియ్యి

ఆ ఆసుపత్రి నేలమాళిగలో సర్వర్ల గది ఉంది. పొద్దుగూకితే అటువైపు ఎవరూ పోరు. ఒకప్పుడు అది శవాల గది. యంత్రాల హోరు మధ్య ఎవరో ముసలావిడ గుసగుసలాడుతుందని చెప్పుకుంటారు... ఒక మెకానిక్ అయితే సామాను సంచీ అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడట.

ఆ రాత్రి అందులోకి వెళ్లాల్సిన వంతు ఇంజనీరమ్మాయికి వచ్చింది. దారంతా దెయ్యం కబుర్లు చెబుతూ కాపలా బాబాయ్ తోడొచ్చాడు. తోడంటే — గుమ్మం దాకా.

పని చిన్నదేం కాదు. రోగుల స్కాన్లన్నీ నాలుగు సర్వర్లు కలిసి మోస్తాయి. అడిగిందే తడవుగా అందించడానికి ఒక్కోదాంట్లో ఒక కాష్ డ్రైవ్, అంటే తరచూ కావాల్సినవి చేతికందేలా దాచే డ్రైవ్, ఉంటుంది. అవి అరిగిపోయాయి, మార్చాలి. ఒక్కో సర్వర్‌ని నిద్రపుచ్చి, దాని బరువు మిగతా మూడింటి మీద వేసి, అప్పుడు డ్రైవ్ లాగాలి. పొరపాటున మెలకువగా ఉన్నదాంట్లోది లాగితే... తెల్లారి ఆపరేషన్లకు డాక్టర్ల ముందు ఒక్క స్కానూ ఉండదు.

ముందుగా మూడోదాన్ని నిద్రపుచ్చింది. సర్వర్ ఉన్న ఇనుప రాక్ ముందు మోకాళ్ల మీద కూర్చుని డ్రైవ్ మీద చెయ్యి వేసింది.

"అది కాదు..."

ఆమె గుమ్మం వైపు తిరిగింది.

"బాబాయ్, నువ్వేమైనా అన్నావా?"

"నేను నోరు తెరిస్తే ఒట్టు," అన్నాడాయన గుమ్మంలోంచి.

"అది కాదు... పక్కది తియ్యి."

ముసలి గొంతు. చాలా దగ్గర్నుంచి. ఆమె టార్చి ఎత్తి చూసింది — రాక్ మీద అంకె నాలుగు. కబుర్ల ధ్యాసలో వచ్చి, మెలకువగా ఉన్నదాని ముందు కూర్చుంది.

దెయ్యమో దేవతో... చెప్పింది మాత్రం నిజం. పక్కకు జరిగి, మూడోదాంట్లో పాత డ్రైవ్ లాగి, కొత్తది పెట్టబోయింది.

"మెల్లగా... అది లేచిందంటే మనల్ని బతకనివ్వదు."

ఈసారి బాబాయ్‌కీ వినిపించింది. "అమ్మాయ్," అన్నాడు, "లేచేది... ఏదమ్మా?"

కొత్త డ్రైవ్ టక్కుమని కూర్చుంది. పచ్చదీపం వెలిగింది. ఆ వెంటనే — ఆమె గుండెల మీంచే — చంటిపిల్ల కేరుమని ఏడ్చింది.

బాబాయ్ గోడకు అతుక్కుపోయాడు. ఆమె గుండె పట్టుకుంది... చేతికి కోటు జేబులోని ఫోన్ తగిలింది.

"లేచింది," అన్నాడు అందులోంచి ఆమె మొగుడు, నీరసంగా.

కిందికి దిగేముందు, పాప పడుకుందా అని అడగడానికి స్పీకర్ పెట్టి ఇంటికి చేసిన ఫోన్... కట్ చెయ్యడం మరిచి జేబులో పడేసింది. అక్కడ చీకట్లో మొగుడు దుప్పటి వెతుకుతుంటే, పాప లేవకుండా, ఏది తియ్యాలో అత్తగారు గుసగుసగా చెబుతోంది.

ఆమె నవ్వి నవ్వి నేల మీద చతికిలబడింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. బాబాయ్ మాత్రం నవ్వలేదు. గుమ్మం దాటి లోపలికొచ్చాడు. ఫోన్ అందుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు —

"నమస్కారమమ్మా. ఇంకా మూడున్నాయి... తమరు కాస్త లైన్లోనే ఉండండి."