డీజిల్ తాగే షెడ్డు

ఆ షెడ్డులో సాయంత్రం పెట్టిన డీజిల్ కారు పొద్దున్నకి స్టార్ట్ కాదు. వీధి కుక్కలు కూడా ఆ గుమ్మం దగ్గర కాలెత్తవు. ఒకప్పుడు అక్కడ పనిచేసిన ముసలి మేస్త్రి టాంకులో గొట్టం పెట్టి నోటితో డీజిల్ లాగేవాడట. లాగి లాగి ఒకరోజు అక్కడే పోయాడు. పోయినవాడు ఊరుకున్నాడా... రాత్రిళ్ళు ఇంకా తాగుతూనే ఉన్నాడని జనం.

ఆ షెడ్డు అద్దెకు తీసుకున్న మహానుభావుడు మా బావ. మెకానిక్కు. వెనక గదిలోనే మా అక్కా, ఇద్దరు పిల్లలూ కాపురం. నేను ఆయనకు సాయం — అంటే, ఆయన చూడనప్పుడు పని చేసేవాణ్ణి, చూసినప్పుడు తిట్లు తినేవాణ్ణి. నాకు పని ఎవరూ నేర్పలేదు. నేను బిగించిన బోల్టు చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది.

ఒక్క నెలలో మూడు పాత డీజిల్ కార్లు తెల్లారేసరికి మొండికేశాయి. మూడింటినీ తాడు కట్టి లాక్కుపోయారు. నాలుగోది షెడ్డు యజమాని సొంత బండి. డీజిల్ కంపు కొడుతోందని తెచ్చాడు.

"రాత్రికి ఇక్కడే ఉంటుంది. పొద్దున ఆరింటికొచ్చి తాళం తిప్పుతా. స్టార్ట్ కాలేదో... షెడ్డు తాళాలిచ్చేసి సామాను రోడ్డు మీద పెట్టుకో."

బావ నా వైపు చూశాడు. ఆ చూపు పడితే తడి గుడ్డ కూడా అంటుకుంటుంది.

"లీకుంది, దెయ్యం కాదు," అన్నాడు బావ, యజమాని అటు వెళ్ళగానే. "పౌడర్ డబ్బా తెస్తా. చల్లితే తడి ఎక్కడో అదే చెబుతుంది. ఇక్కడే ఉండు. బండి మీద చెయ్యి పడిందో, విరగ్గొడతా."

రాత్రి తోడుంటానని మాటిచ్చాను. నా బదులు టార్చి పంపించాను. కాబట్టి ఇక్కడి నుంచి బావ చెప్పగా విన్నదే.

ఇంజినంతా పొడిగుడ్డతో తుడిచి, గొట్టాల మీదా జాయింట్ల మీదా పౌడర్ చల్లాడు. గొట్టాల్లో డీజిల్ నిండేలా ఫిల్టర్ మీది చేతి పంపు పదిసార్లు నొక్కాడు. లైటార్పి కూర్చున్నాడు.

ఒంటిగంట దాటింది.

గుళక్...

ఎవరో మింగినట్టు. వెనక... టాంకు దగ్గర.

గుళక్...

"ఎవరది?" అన్నాడట. ఆ గొంతు తనదేనని తనకే అనిపించలేదట.

టార్చి వేసుకుని వెనక్కి నడిచాడు. ఎవరూ లేరు. టాంకు మూత బిగించినట్టే ఉంది. వంగి చెవి ఆనించాడు — లోపల, గుళక్.

వెనక గది తలుపు సందులోంచి అక్క గుసగుస: "ఏమండీ... ఏమిటా చప్పుడు?"

"పడుకో."

"చంటిది లేచింది—"

"పడుకోమన్నానా!"

మళ్ళీ ముందుకొచ్చాడు. ఫిల్టర్ నుంచి ఇంజిన్ పంపుకు వెళ్ళే గొట్టం దగ్గర పౌడర్ తడిసి ముద్దయింది. గొట్టానికి నల్ల టేపు. గోటితో లేపి ఒక్కో చుట్టూ విప్పాడు. కింద రబ్బరు లేదు... లోపలిదంతా కనిపించే ప్లాస్టిక్. అందులో డీజిల్. డీజిల్ మధ్య ఒక గాలి బుడగ.

బుడగ కదిలింది.

ఇంజిన్ ఆగి ఉంది. అయినా కదిలింది — పంపు వైపు కాదు, వెనక్కి... టాంకు వైపు. అవతల ఎవరో నోరు పెట్టి లాగుతున్నట్టు.

బావ మోచెయ్యి తగిలి, అంచున ఉన్న నట్టొకటి కింద పడింది. దొర్లింది. దొర్లుకుంటూ వెనక చక్రం దాకా పోయి ఆగింది.

దాన్ని చాలాసేపు చూశాడట. నేల వాలు! బండి ముక్కు ఎత్తున, టాంకు పల్లాన. వదులు గొట్టం సందులోంచి గాలి దూరుతోంది, డీజిల్ తన దారిన టాంకులోకి జారిపోతోంది. ఆ గుళక్ అదే. తెల్లారేసరికి పంపు ఖాళీ, ఇక బండి ఎలా అందుకుంటుంది?

మూడింటికి మా ఇంటి తలుపు దబదబా మోగింది.

"దెయ్యం దొరికింది. రా."

చూద్దామని ఉత్సాహంగానే వెళ్ళాను, బుద్ధి లేక. బావ ఆ గొట్టం ముక్క నా చేతిలో పెట్టాడు.

"చేపల తొట్టి గొట్టం కదూ ఇది?"

గొట్టం వీపు వెనక్కి దాచాను.

"డీజిల్ తగిలితే చెక్కలా బిగుసుకుని పట్టొదిలేస్తుందిరా. ఆ మూడు బండ్లకీ ఇదే తగిలించావా?"

"రబ్బరుది అయిపోయింది బావా... తిడతావని టేపు చుట్టి—"

"మీ అక్కని రోడ్డున పడెయ్యడానికి దెయ్యం ఎందుకురా, నువ్వుండగా! దీనికీ నువ్వేనా?"

వెనక గది గుమ్మంలో చంటిదాన్ని ఎత్తుకుని అక్క నిలబడి ఉంది. కళ్ళు నా మీదే.

"నేనే," అన్నాను.

కొత్త రబ్బరు గొట్టం వేసి, రెండు చివర్లా క్లిప్పులు బిగించాడు. బుడగ లేని డీజిల్ వచ్చేదాకా నాచేత చేతి పంపు కొట్టించాడు. బొటనవేలు బొబ్బెక్కింది. ఆరింటికి యజమాని వచ్చి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

"మరి దెయ్యం?" అన్నాడు యజమాని.

"బయటికి పంపేస్తున్నా," అన్నాడు బావ, నాకు గేటు చూపిస్తూ.

ఆ రోజు నుంచి నాకు ఆ గడప లేదు. పోనీ. షెడ్డు నిలబడింది, పిల్లలు తింటున్నారు.

మూడు బండ్లకు వేసింది నేనే. ఒప్పుకుంటాను. ఆ గొట్టం నాదే, ఆ టేపూ నాదే. కానీ నాలుగోది నేను ముట్టుకోనేలేదు... ఆ సాయంత్రం బావ పౌడర్ కోసం వెళ్ళాడు, అక్కా పిల్లలూ బజారు నుంచి ఇంకా రాలేదు. ఆ షెడ్డులో ఒంటరిగా ఉండే దమ్ము లేక నేను రోడ్డు దాటి దీపం కింద నిలబడ్డాను. ఆయన తిరిగొచ్చేదాకా గుమ్మం మీంచి రెప్ప తిప్పలేదు. లోపలికి ఎవరూ వెళ్ళలేదు. బయటికి ఎవరూ రాలేదు.

బానెట్ మూసిన చప్పుడు మాత్రం... విన్నాను.

ఆ మాట నేను ఆ రాత్రి అనుంటే, యజమాని వచ్చేలోపే బావ సామాను సర్దేసేవాడు.