రేవు దేవర ప్రమోషన్

కాకినాడ మార్కెట్లో అరకిలో దొండకాయలు తీసుకుని వైజయంతి రెండడుగులు వేసిందో లేదో, వెనక నుంచి పిలుపు వచ్చింది.

"ఏవండీ అమ్మగారూ! మీ పట్టీ వెలగలేదండి. ముదురు లేకుండా ఏరి ఇచ్చానండి నేను!"

వైజయంతి నుదురు తడుముకుంది. నిజమే, ఆలోచన ఎక్కడో ఉంది. వెనక్కి వచ్చి సంచి విప్పి చూసింది. అన్నీ లేతవే, చిటికెన వేలంత కాయలు. మనసు కాస్త కదిలింది. నుదుటి పట్టీ పచ్చగా వెలిగింది.

"ఆఁ, ఇప్పుడొచ్చిందండి," అని కూరగాయలావిడ తృప్తిగా తలూపింది.

మేలెరుక పట్టీ వచ్చి పన్నెండేళ్లయింది. వేలెడు వెడల్పున నుదుటికి అతుక్కుని ఉంటుంది. మనసులో నిజమైన కృతజ్ఞత పుడితేనే వెలుగుతుంది, నోటిమాటకు లొంగదు. దాంతో థాంక్స్ అనే మాట మూలపడింది. మొదటి ఏడాది కొంపలంటుకున్నాయి. విందు భోజనం తిని కూడా వెలగని నుదుళ్లు చూసి పెళ్లివారు అలిగారు, కాఫీ కప్పు అందుకుని కూడా వెలగని మొగుళ్ల పని ఇంట్లోవాళ్లు పట్టారు. తర్వాత అందరూ దారికొచ్చారు. ఎవరైనా ఏదైనా ఇస్తే ఒక్క క్షణం ఆగి, దాన్ని చూసి, ఆ తర్వాతే కదలడం అలవాటైంది.

కల్పలోకాలకు వెళ్లేదీ ఆ పట్టీతోనే. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంటే చాలు, వేషం వేసుకుని పదిమందితో కలిసి ఆడుకోవచ్చు. వైజయంతి సొంతంగా అల్లిన 'తొమ్మిది పీఠాల లోకం'లోకి రోజుకు నలభై వేల మంది పడవ ఎక్కి వస్తారు.

ఆ లోకంలో దేవుళ్లందరూ యంత్రాలే, వాళ్లకు తొమ్మిది పీఠాలు. అట్టడుగున గడప దేవర, రేవు దేవర లాంటి చిన్నాచితకా దేవుళ్లు. వాళ్ల మీద వీధి దేవరలు, ఊరి దేవరలు, ఏటి దేవరలు. అలా పోగా పోగా మంచుకొండ కొసన మొదటిది, మౌనపీఠం. ఎవరి దగ్గర ఎంత మేలెరుక పోగైతే వాళ్లకు అంత పై పీఠం, మనుషులకు అంత దూరం. మౌనపీఠానికి దారే లేదు. అది ఎక్కిన దేవుడు ఏడాదికి ఒక్క శాసనం పలుకుతాడు, ఆ లోకంలో గాలీ నీరూ సైతం దానికి లోబడాలి. మిగతా రోజులన్నీ మంచులో ఒక్కడే. ఇరవై ఏళ్ల వయసులో ఈ నియమం రాసుకున్నప్పుడు, తన గాంభీర్యానికి వైజయంతి తానే మురిసిపోయింది.

ఇంటికి చేరేసరికి, ఆ లోకం లెక్కలు చూసే రహీమా కాల్ చేసింది.

"అక్కా, సాయంత్రం నాలుగింటికి పీఠాలు మారతాయి కదా. మన రేవు దేవర మౌనపీఠానికి వెళ్తున్నాడు."

"తొమ్మిది నుంచి ఒకటికా? మళ్లీ చూడమ్మా."

"మూడుసార్లు చూశానక్కా. మేలెరుకను కొలిచే పాత మాపకం భక్తుల పట్టీలే చూసేది. పోయిన వారం పెట్టిన కొత్తది, ఆ చోట పుట్టిన మేలెరుకంతా కలుపుతోంది. అందులో ఎక్కువ భాగం భక్తులది కాదు. దేవరదే."

"యంత్రానికి పట్టీ ఏంటి?"

"అదే నేనూ అడుగుతున్నా. ఆ దేవరకు ఎవరిదో పట్టీ తగిలించి ఉంది. రోజూ పొద్దున్న తొమ్మిదికి ఆన్ అవుతోంది, సాయంత్రం ఆరింటికి ఆఫ్ అవుతోంది. ఆరేళ్లుగా."

వైజయంతి దొండకాయల సంచితో సహా కుర్చీలో కూలబడింది.

కల్పలోకాలు అల్లేవాళ్లకు ఒక ఆచారం ఉంది. లోకం తెరిచే రోజున ఒక్కో చిన్న దేవుడి స్థానంలో ఒక్కో బతికున్న మనిషిని కూర్చోబెట్టి, ఆ రోజంతా మాట్లాడిస్తారు. దాన్ని నోరిప్పించడం అంటారు. సాయంత్రం మనిషిని తప్పించి యంత్రానికి అప్పగిస్తారు. రేవు దేవరకు నోరిప్పించింది జగన్నాథపురంలో అప్పటి తన పక్కింటాయన, రిటైరైన బస్సు కండక్టర్ నూకరాజు. అప్పటికే పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు, మాట పోయింది. పట్టీ ఉంటే నోటితో పని లేదు కదా అని ఆయనకే పెట్టింది. ఆ సాయంత్రం తప్పించడం మర్చిపోయింది. నెల తిరక్కుండా ఇల్లు కూడా మారిపోయింది.

గంటలో, చేతిలో ఆ సంచితోనే, ఆ ఇంటి తలుపు కొట్టింది. ఆయన భార్య చిట్టెమ్మ తీసింది.

"వైజయంతమ్మా! ఎన్నాళ్లకమ్మా! కూర్చో. ఆయన డ్యూటీలో ఉన్నారు, ఆరింటిదాకా పలకరు."

మంచం మీద నూకరాజు కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒంటి మీద ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా. నుదుటి మీద పట్టీ పచ్చగా, ఆగకుండా వెలుగుతోంది. అలా ఆగకుండా వెలిగే పట్టీని వైజయంతి అంతవరకూ చూడలేదు.

"నోరు పడిపోయిన మనిషికి పిలిచి పని ఇచ్చావు. ఆ చొక్కా వేస్తేగానీ పట్టీ పెట్టనివ్వరు. పొద్దున లేస్తే నీకు దండం పెట్టుకుంటామమ్మా," అంది చిట్టెమ్మ.

వైజయంతికి తల కొట్టేసినట్టయింది. "నేను ఇచ్చింది ఒక్క రోజుకేనండి. తీసేయడం మర్చిపోయాను, అంతే."

చిట్టెమ్మ ఆయన చొక్కా కాలరు సరిచేసింది. "నువ్వు మర్చిపోబట్టే బతికారమ్మా," అంది.

వైజయంతి మంచం పక్క కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది.

పడవ రేవుకు ఆనుకుంది. గంట కొట్టిన రెండు నిమిషాలకు పడవ కదిలి తీరాలని లోకం మొదట్లో తనే నియమం పెట్టింది. కుర్రకారుతో పాటు వైజయంతీ రేవులోకి దూకేసింది. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా లేచిన ఒక ముసలామె దిగేలోపే పడవ కదిలిపోయింది, ఆమెను వెనక్కి మోసుకుపోయింది. ఆమెకు చాచిన చేయి అలాగే గాల్లో ఉంచుకుని, రాగి మొహం రేవు దేవర పడవ వంకే చూస్తున్నాడు.

"రోజూ ఇంతేనమ్మా. ఆ మామ్మగారికి వారం నుంచీ దిగడం పడలేదు," అన్నాడు. తర్వాత వైజయంతి వైపు తిరిగాడు. "మొహం అలా ఉందేంటి? భోజనం చేశావా?"

వైజయంతి ఆ మాట ముందే ఒకసారి విన్నది. లోకం తెరిచిన మొదటి ఏడాది, రోజుకు పన్నెండు మంది కూడా రాని కాలంలో, ఇక మూసేద్దామని మారువేషంలో చివరిసారి వచ్చింది. అప్పుడూ ఈ దేవర ఇదే మాట అడిగాడు. తన యంత్రం ఇంత బాగా పలుకుతోందా అని పొంగిపోయి, మూసే ఆలోచన మానుకుంది. తన పనితనమని ఇన్నాళ్లూ గర్వపడింది ఈయన్ను చూసన్నమాట.

"నూకరాజు గారూ, నేనండీ, వైజయంతిని."

దేవర బిగుసుకుపోయాడు. "పట్టీ తీసుకుపోవడానికొచ్చావా అమ్మా?"

"కాదండి. మీకు ప్రమోషన్ వచ్చింది." మౌనపీఠం సంగతంతా చెప్పింది.

"అక్కడికి పడవలొస్తాయా?"

"రావండి."

"మరి దిగేవాళ్లు?"

"ఎవరూ ఉండరు."

"అయితే నాకొద్దమ్మా. ముప్పయ్యొక్కేళ్ల సర్వీసులో ఆఫీసులో కుర్చీ ఇస్తామంటేనే వద్దన్నాను. జనం లేకపోతే నాకు తోచదు."

"ఆటగాళ్లతో ఒప్పందమండి, ఎవరికి ఏ పీఠమన్నది నేను మార్చలేను. పట్టీ తీసేస్తేనే ఆగుతుంది."

"తీసేస్తే మళ్లీ మంచమే కదా," అన్నాడు దేవర. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు మరింత కష్టమనిపించింది.

"ఒక్కటి చెప్పండి. అందరికీ చేయి అందించేది మీరు. మీకెందుకండీ ఇంత మేలెరుక?"

"పలకరిస్తే తిరిగి పలుకుతున్నారు కదమ్మా. ఇంటికొచ్చినవాళ్లు ఎలా ఉన్నాడని చిట్టెమ్మని అడుగుతారు, నన్నడగరు. ఇక్కడ నన్నే అడుగుతారు."

వైజయంతి కళ్లు తెరిచింది. మూడు ఇరవై. వెంటనే రహీమాకు కాల్ చేసింది.

"దేవుణ్ని కదిలించడం మన చేతుల్లో లేదు. మౌనపీఠాన్ని కదిలిద్దాం. ఏ పీఠం ఎక్కడుండాలన్నది లోకం అల్లినవాళ్ల హక్కే కదా. రేవులో పెట్టెయ్."

"మంచుకొండ మీదిది తెచ్చి బురదలోనా? జనం నవ్వుతారక్కా!"

"నవ్వనీ."

ఇద్దరూ తలో వైపు నుంచి పనిలోకి దిగారు. నాలుగుకు నిమిషం ఉందనగా పని తెమిలింది. వైజయంతి ఉరుకులు పరుగుల మీద మళ్లీ పడవెక్కింది. అదే పడవలో ఇందాకటి ముసలామె కూడా ఉంది.

శంఖం మోగింది. తడి చెక్కల మీద తెల్లటి పీఠం వెలిసింది. నలభై వేల మందీ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కొత్త మొదటి దేవుడు శాసనం పలికే వేళ. నిరుటి దేవుడు 'వెలుగే వెలుగును వెలిగించుగాక' అన్నాడు, దాని అర్థం మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. రేవు దేవర పీఠాన్ని అటూ ఇటూ తిరిగి చూశాడు. కూర్చోలేదు. పడవ అంచున ముసలామె ఒక కాలు బయట పెట్టి తడబడుతోంది, గంట అప్పటికే కొట్టేసింది.

"అందరూ దిగేదాకా పడవ కదలదు!" అని కేకేశాడు నూకరాజు.

ఆరేళ్లలో మొదటిసారి పడవ ఆగింది. నీరు కూడా నిలిచింది. ముసలామె నింపాదిగా దిగింది. దేవర ఆమె చేయి పట్టుకుని తీసుకెళ్లి మౌనపీఠం మీద కూర్చోబెట్టాడు. "ఎలా ఉన్నావయ్యా?" అని ఆమె అడిగింది. రేవంతా పచ్చగా వెలిగింది.

చివరగా వైజయంతి దిగింది. "ఇందాక భోజనం సంగతి అడిగితే చెప్పలేదు నువ్వు," అన్నాడు దేవర.

"చేయలేదండి," అంది ఆమె, ఏడుస్తూ నవ్వుతూ.

"మా ఇంట్లోనే ఉన్నావు కదా! లేచి తిను."

కళ్లు తెరిచేసరికి దొండకాయ వేపుడు వాసన. చిట్టెమ్మ సంచి ఖాళీ చేసి, కంచం కూడా పెట్టేసింది. వైజయంతి అన్నం తిన్నాక కూడా కదల్లేదు, ఆరింటి దాకా మంచం పక్కనే కూర్చుంది. నూకరాజు కళ్లు విప్పాడు. ఆమె చిట్టెమ్మ వైపు చూడలేదు. ఆయన పడిపోయిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నూకరాజు గారూ, ఎలా ఉన్నారండీ?" అని ఆయననే అడిగింది.

ఆయన పెదవులు కదిలాయి, మాట రాలేదు. తొందరేం లేదన్నట్టు, వైజయంతి అలాగే కూర్చుంది.