అర్మాన్ గారి గుండె పటం

"మా నాన్నకి ఈ చొక్కా ఎవరు తొడిగారు?"

డాక్టర్ మేలిస్ గుమ్మంలో నిలబడి అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని తిబోకి అనిపించింది. అరిచేవాళ్లకి సర్దిచెప్పుకోవచ్చు, నెమ్మదిగా అడిగేవాళ్లకి నిజం చెప్పాల్సి వస్తుంది.

"నేనే," అన్నాడు.

బోర్డో నగరంలోని ఆ గుండె ఆసుపత్రిలో తిబో పరిశోధన విభాగం ఇంజినీరు. ఆ చొక్కా అతని ప్రాణం. చేతుల్లేని చొక్కా, దాని నిండా ఛాతీకీ వీపుకీ అంటుకునే బిళ్లలు, ఒక్కో బిళ్లకీ ఒక తీగ. లోపల గుండె కొట్టుకుంటుంటే అది బయటి నుంచే వింటుంది. గుండెని నడిపే ఏ కరెంటు అల ఎక్కడ పుట్టి ఎటు పోతోందో కంప్యూటర్ మీద రంగుల్లో పటం గీస్తుంది.

ఆ ఉదయం చొక్కా కోసం ఒక రోగి రావాలి. బయట వాన. రోగి వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ఆయన కూర్చోవాల్సిన బల్ల మీద భారీ మనిషి ఒకాయన, ఒళ్లో బుట్టతో కూర్చుని ఉన్నాడు. "చొక్కా కోసమేనాండీ?" అని తిబో అడిగాడు. "ఏ చొక్కా అయినా సరే బాబూ. పరీక్షలు చేయించుకోమని మా అమ్మాయి ఒకటే గొడవ," అని ఆయన లేచి వెంట వచ్చేశాడు. తిబో పప్పులో కాలేశాడు.

"చేతికి పేరు పట్టీ ఉందో లేదో చూడరా మీరు?" అంది మేలిస్.

"ఆయన చాలా సహకరించారు."

"మా నాన్న తన పడవలో పట్టుకొచ్చిన ఆల్చిప్పలు నాకు ఇచ్చిపోవడానికి వచ్చారు."

"అబ్బాయిని ఏమీ అనకమ్మా," అన్నాడు అర్మాన్ గారు, తీగల మధ్య నుంచి. "ఛాతీ మీద జుట్టు గీసేముందు చలేస్తోందా అని కూడా అడిగాడు. మీ అమ్మ కూడా ఏనాడూ అడగలేదు."

మేలిస్ నవ్వలేదు. తిబోతో ఆమెకి పాత పేచీ ఉంది. "మీ పటాలు బాగుంటాయి, గోడకి తగిలించుకోవచ్చు. నేను మాత్రం బొమ్మ చూసి మనిషి గుండెలో వేడి తీగ పెట్టి కండ మాడ్చను," అని ఒకసారి అందరి ముందూ అంది. ఆ తిట్టు తిన్న రోజే తిబో ఆమెను ప్రేమించడం మొదలుపెట్టాడు. మనసు ఎవరి మాటా వినదు కదా, ఇంజినీరు మాట అసలే వినదు.

ఇప్పుడు కూడా ఇంకో నాలుగు అక్షింతలు పడతాయని తల వంచుకున్నాడు. పడలేదు. తలెత్తి చూస్తే, ఆమె కళ్లు అతని వెనక ఉన్న తెర మీద ఉన్నాయి.

తెర మీద గీత తప్పతాగినవాడి నడకలా ఉంది. రెండు దెబ్బలు దగ్గరగా, ఒకటి దూరంగా, మళ్లీ మూడు ఒకదాని మీద ఒకటి. గుండె పై గదులు ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతున్నాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. నెత్తురు ఆ గదుల్లో నిలబడిపోయి గడ్డకడితే, ఆ గడ్డ ఏదో ఒక రోజు మెదడుకి పోతుంది. ఆ సంగతి మేలిస్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఆయాసం ఎప్పటి నుంచి నాన్నా?"

"మోటారు పాతదైతే చప్పుడు చేస్తుందమ్మా."

"పడవ సంగతి అడగలేదు."

ఆయన బుట్ట వైపు చూశాడు. "పోయిన ద్రాక్షకోతల కాలం నుంచి."

మేలిస్ తండ్రి పక్కన కూర్చుంది. తిబోతో అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "రోజూ పరాయివాళ్ల గుండెల్లో దూరి వెతుకుతాను. ఆదివారం భోజనానికి వెళ్తే, నాన్న మెట్ల మీద మధ్యలో ఆగేవాడు. సముద్రం చూస్తున్నాడనుకున్నాను."

తిబో బుట్ట తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాడు.

నెత్తురు గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టారు, స్కాన్ తీశారు. రోజూ తన పని ముగిశాక మేలిస్ తిబో గదికి రావడం మొదలుపెట్టింది. పక్క కుర్చీలో కూర్చుని తండ్రి గుండె పటం వైపే చూసేది. ఎర్రటి అలలు పుడుతున్నాయి, తిరుగుతున్నాయి, ఒకదాన్నొకటి మింగుతున్నాయి.

"ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల మూతులు ఇవి," అన్నాడు తిబో. "గుండె కండ కొంచెం వీటిలోకి పాకి ఉంటుంది. పెసరగింజంత చోటు. అది తనంతట తను కరెంటు పుట్టిస్తుంది, ఇంత పెద్ద గుండె తాళం మర్చిపోతుంది."

"నాకు తెలుసు."

"తెలుసనుకోండి. నాకు మాత్రం చెప్పిన ప్రతిసారీ ఒళ్లు గగుర్పొడుస్తుంది."

ఆమె అతని చెయ్యి చూసింది. నిజంగానే వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ఇదేమిటి?" అని తెర మీద వేలు పెట్టింది. ఎడమ పై గది ముందు గోడ మీద ఒక అల తన చుట్టూ తనే తిరుగుతోంది.

"నాలుగు సిరల మూతుల చుట్టూ మాడ్చి దారి మూసినా, ఇది ఆగదేమోనని నా అనుమానం."

"అనుమానం తప్పయితే?"

"మంచి కండని ఊరికే మాడ్చినట్టవుతుంది."

"ఒట్టేసి చెప్పగలరా?"

"లేనండీ."

మేలిస్ అతని మొహంలోకి చూసింది. "చొక్కా తయారుచేసినవాళ్లు ఆ మాట అనడం ఇదే మొదటిసారి వింటున్నాను," అంది. ఆ తర్వాత ఆమె వచ్చినప్పుడల్లా తిబో కుర్చీ ముందే తుడిచి పెట్టేవాడు.

సొంతవాళ్ల గుండెలో ఎవరూ చెయ్యి పెట్టకూడదని అక్కడి పద్ధతి. అర్మాన్ గారి ఆపరేషన్ పెద్ద డాక్టరమ్మ, ప్రొఫెసర్ విల్నావ్, చేపట్టింది. మేలిస్ అద్దం ఇవతల తిబో పక్కన కూర్చుంది. లోపల అర్మాన్ గారు మత్తులో సగం నిద్ర, సగం మెలకువ. తొడ దగ్గర సిరలోంచి ఎక్కించిన సన్నటి తీగ గుండె దాకా వెళ్లింది. దాని మొన వేడెక్కి, తాకిన చోటల్లా కండని చిన్న చుక్కలా మాడుస్తోంది. విల్నావ్ మేడమ్ ఒక సిర మూతి చుట్టూ చుక్కలు పేర్చింది, రెండోదాని చుట్టూ, మూడోది, నాలుగోది.

గుండె వణుకు ఆగలేదు.

లోపలి నుంచి స్పీకర్‌లో విల్నావ్ మేడమ్ గొంతు వినిపించింది. "తిబో, నీ పటం ఏమంటోంది?"

తిబో లోపలికి మాట్లాడే మైక్ మీట నొక్కి పట్టాడు. తన మాట పట్టుకుని ఆ తీగ వెళ్లేది ఈ అమ్మాయి తండ్రి గుండెలోకి. పటం తప్పయితే ఆ మచ్చ జన్మంతా ఉంటుంది. మేలిస్ వైపు తిరిగాడు.

"చెప్పండి," అంది ఆమె. మళ్లీ, గొంతు తగ్గించి, "చెప్పు తిబో. నేను నమ్ముతున్నాను."

"ముందు గోడ మేడమ్. పై నుంచి కిందికి రండి. ఇంకొంచెం. అక్కడే."

తీగ మొన ఆగింది. వేడి మొదలైంది.

తెర మీద ముళ్లలా గుచ్చుకున్న గీతల మధ్య ఎడం పెరగడం మొదలైంది. నర్సు చేతిలో కత్తెర చేతిలోనే ఉంది. గీతలు నెమ్మదించాయి, ఇంకా నెమ్మదించాయి, ఆగిపోయాయి. ఏమీ లేదు. తెర మీద ఒక్క గీత, చదునుగా.

తర్వాత ఒక దెబ్బ పడింది. అంతే ఎడంతో ఇంకొకటి. ఇంకొకటి.

ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నా తిబో కళ్లు చెమ్మగిల్లాయి. అమ్మ కడుపులో ఉండగా ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న తాళం అది. ఇంత గందరగోళం కింద అణిగిపోయి ఉండి, దారి ఇవ్వగానే మర్చిపోకుండా మళ్లీ అందుకుంది. దీన్ని చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించనివాడు మనిషి కాదని అతనికి అనిపించింది.

అయినా అక్కడ వెంటనే గెలిచామనరు. కాసేపు కూర్చుని చూస్తారు, మొండి కండ మళ్లీ లేస్తుందేమోనని. ఆ తర్వాత గుండెను పరుగెత్తించే మందు ఎక్కిస్తారు. పరుగులోనూ తాళం తప్పకపోతేనే నమ్ముతారు.

మేలిస్ చప్పుడు లేకుండా ఏడుస్తోంది. తిబో రెండో చేత్తో జేబులు తడుముకుని, చివరికి చొక్కా బిళ్లల జిగురు తుడిచే కాగితం ఇచ్చాడు.

"జిగురు వాసన వస్తోంది," అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

"నా దగ్గర ఉన్నవన్నీ ఆ వాసనే. చెబితే నవ్వుతావు. అందరి ముందూ నన్ను తిట్టావు చూడు, అప్పటి నుంచి నాకు నువ్వంటే ఇష్టం. ఇలాంటి రోజు చెప్పకూడదు. కానీ ఇందాక గీత ఆగిపోయినప్పుడు, చెప్పకుండా ఉండిపోతానేమోనని భయమేసింది. ప్రేమిస్తున్నాను మేలిస్."

ఆమె నోరు తెరిచింది. మాట రాకముందే తెర మీద దెబ్బలు దగ్గరపడ్డాయి. ఇంకా దగ్గరపడ్డాయి. ఆమె కుర్చీలోంచి లేచిపోయింది.

"మళ్లీ మొదలైంది," అంది.

"మందు ఇంకా ఎక్కించలేదే," అంది లోపల విల్నావ్ మేడమ్. "ఎవరు ముట్టుకున్నారు?"

ఎవరూ ముట్టుకోలేదు. తిబో కళ్లు పెద్దవి చేసి చూశాడు. వేగం ఉంది కానీ వణుకు లేదు. ప్రతి దెబ్బకీ మధ్య ఎడం సమానంగా ఉంది. భయపడ్డ గుండె కూడా కాదు, చెవులు రిక్కించి వింటున్న గుండె.

స్పీకర్‌లో మత్తుగా, బరువుగా, ఒక గొంతు వచ్చింది. "అబ్బాయ్. మా అమ్మాయి ఏమందో వినబడలేదు."

తిబో వేలు మైక్ మీట మీదే ఉంది. ముందు గోడ గురించి చెప్పిన దగ్గర్నుంచి తీయనే లేదు. చెవుల దాకా ఎర్రబడి వేలు తీయబోయాడు. మేలిస్ అతని చేతిమీద చెయ్యి వేసి ఆపింది. మైక్ దగ్గరికి వంగింది.

"సరే అంటున్నాను నాన్నా."

గుండె ఇంకొంచెం పరుగెత్తింది. తర్వాత అలిసినట్టు నెమ్మదించింది. ఒక్క దెబ్బ తప్పలేదు.

"మంచి అబ్బాయే," అన్నాడు అర్మాన్ గారు, కళ్లు మూసుకునే. "ఏదైనా చేసే ముందు చలేస్తోందా అని అడుగుతాడు."

నర్సు పక్కకి తిరిగి నవ్వుకుంది. విల్నావ్ మేడమ్ మాత్రం నవ్వలేదు, గడియారం చూసింది.

"సంతోషం. కానీ మందు మందే. పెళ్లి సంబంధాన్ని పరీక్ష కింద రాసుకునే పద్ధతి మా దగ్గర లేదు," అని మందు ఎక్కించమంది.

మందు ఎక్కింది. గుండె వేగం అందుకుంది. అద్దం ఇవతల ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తెర వైపే చూస్తూ నిలబడ్డారు. వేగం పెరిగింది, ఇంకా పెరిగింది, తాళం ఎక్కడా తడబడలేదు. మందు ఆపాక మెల్లగా తన నడకకి తను వచ్చింది.

"ఎలా ఉందండీ అర్మాన్ గారూ?" అని అడిగింది విల్నావ్ మేడమ్. "గుండె బాగా పరుగెత్తిందా?"

"పరుగెత్తింది డాక్టరమ్మా," అన్నాడాయన. "ఇందాకటంత లేదు."