ఎర్రపిట్టల గట్టు

జెరె శవం దొరకలేదు. లుయాంగ్వా నదిలో ఖాళీ పడవా, అందులో అతని టోపీ దొరికాయి. మొసలి లాక్కుపోయిందని తేల్చేశారు. సొంతూరు చిపాటాలో ఖాళీ పెట్టెనే పూడ్చిపెట్టారు.

ఆ చావులో కసోండె తన పని తాను చేశాడు. అతను బెంబా, జెరె ఎంగోనీ. ఆ రెండు తెగలదీ బావామరుదుల వరస. ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, చావింట్లో కూడా. అక్కడ అనకపోతేనే తప్పు. "ఈ ఎలుకలు తినేవాణ్ణి మింగిన మొసలికి ఈపాటికి అజీర్తి చేసుంటుంది. ముందు దానికి మందు పంపండర్రా!" అంటూ పెట్టె మీద పడి దొర్లాడు. జెరె తల్లి ఏడుస్తూనే నవ్వేసింది. నవ్వించినవాడు మాత్రం ఇంటికెళ్ళి, తలుపేసుకుని, పసివాడిలా ఏడ్చాడు. ఇరవై ఏళ్ళు ఒకే జీపులో తిరిగి, ఒకే పళ్ళెంలో తిన్నారు మరి.

మర్నాడు రాజధాని లుసాకాలో గూఢచారి శాఖ చీఫ్ పిలిచాడు.

"జెరెను చంపింది మొసలి కాదు, విదేశీ ముఠా. అడవిలో వాళ్ళ గనిని ఆపించింది మన మంత్రి నలుచా. శనివారం ఆవిడ ఆ నదొడ్డు లాడ్జిలోనే దిగుతోంది. లేపేస్తారు."

"ప్రయాణం ఆపించండి సార్."

"చెప్పి చూశాను. నా అడవికి నేను వెళ్ళడానికి ఎవడి సెలవు కావాలయ్యా అంది. నువ్వు వెయిటర్‌వి. లాడ్జి మేనేజరు తెమ్వాని మన మనిషే. వాళ్ళు మాత్రం తమ మనిషి అనుకుంటున్నారు."

"కోడ్?"

"ఏనుగులు వంటింట్లోకి వచ్చాయా అని అడుగు. ఉప్పు తక్కువైందని వెళ్ళిపోయాయి అంటుంది."

తెమ్వాని సరిగ్గా అలాగే అంది. ఆకుపచ్చ గౌనులో ఆమె నడిచొస్తుంటే అతిథులు ఏనుగుల్ని చూడడం మానేశారు. కసోండె కూడా ఒక్క క్షణం ట్రే సంగతి మరిచిపోయాడు. నెరిసిన విగ్గు, అతికించిన మీసం, ఐసు పెట్టెలో పిస్తోలు. ఇదీ అతని అవతారం.

శనివారం సాయంత్రం మంత్రిని ఎక్కించుకుని పడవ కదిలింది. నది నడుమకు చేరాక తెమ్వాని అతని పక్కకు వచ్చి నిలబడింది.

"ముఠావాళ్ళు తమ మనిషికి మన వాకీటాకీ ఒకటి కావాలన్నారు. నిన్న చెట్టు కింద పెట్టి వచ్చాను. మొహం చూళ్ళేదు. ఇందాక వెళ్తే అక్కడ ఇది పడుంది. జేబులోంచి జారినట్టుంది."

చిన్న కాగితం పొట్లం. కసోండె విప్పాడు. వేరుశెనగ తొక్కలు. తిన్న తొక్కల్ని మళ్ళీ పొట్లంలోకే ఎత్తి, మూతి మెలిపెట్టే మనిషి అతనికి తెలిసి ఒక్కడే ఉన్నాడు. "గూఢచారి తొక్క కూడా వదలకూడదు బావా" అనేవాడు. ఆ మనిషి పెట్టె మీదే కసోండె దొర్లాడు.

చేతిలో ట్రే గలగలలాడింది.

"ఏం పెద్దాయనా, నీటిగుర్రాలంటే భయమా?" మంత్రి నవ్వింది.

"టీ వేడిగా ఉందమ్మా."

రెండు వైపులా రెల్లు. ఏ దుబ్బు వెనకైనా తుపాకీ ఉండొచ్చు. ముందుకెళ్ళినా ముప్పే, వెనక్కి తిప్పినా ముప్పే. కసోండె పడవ నడిపేవాడి వాకీటాకీ తీసుకున్నాడు. జవాబు రాకూడదని లోపల్లోపల మొక్కుకుంటూ మీట నొక్కాడు.

"ఒరే ఎలుకలు తినేవాడా, నీ చావులో న్షిమా సంకటి సరిగ్గా ఉడకనే లేదురా! మీవాళ్ళకి పెళ్ళి చెయ్యడం ఎలాగూ రాదు, చావు చెయ్యడం కూడా రాదా?"

గరగర తప్ప ఏమీ లేదు. కసోండె ఊపిరి పీల్చుకున్నాడు. తను పొరబడ్డాడు. బావ నిజంగానే చచ్చిపోయాడు. ఎంత హాయి!

"కోతులు తినేవాడా," అంది వాకీటాకీ, "ఉడక్కపోయినా మూడు పళ్ళేలు మింగే ఉంటావు!"

ఆ గొంతు వెనక పిట్టల గోల. అదే గోల ఎదుటి మలుపులోంచి నేరుగా చెవిన పడుతోంది. ఎర్రపిట్టలు బొరియలు తవ్వుకున్న మట్టిగట్టు అది. నది పొడుగునా అలాంటిది ఇంకొకటి లేదు. గట్టు మీద ఏదో తళుక్కుమంది.

కసోండె ట్రే విసిరేసి మంత్రిని కిందకి తోశాడు. ఆవిడ తల ఉన్నచోట టీ కెటిల్ పగిలి ఎగిరిపోయింది. ఐసులోంచి పిస్తోలు లాగి ఆ తళుకు వైపు కాల్చాడు. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి.

కసోండె గట్టు ఎక్కేసరికి జెరె వెల్లకిలా పడున్నాడు. చొక్కా తడిసిపోయింది.

"పడవలో ఆ ముసలి వెయిటర్‌వి నువ్వేనని తెలీదు బావా. లాడ్జిలోంచి మాట్లాడుతున్నావనుకున్నా."

"ఎందుకురా ఇదంతా?"

"అలిసిపోయాన్రా. సముద్రం అవతల ఇల్లిస్తామన్నారు... అమ్మ నవ్విందా?"

"నవ్వింది. నోరు మూసుకుని ఉండలేకపోయావట్రా? నిన్ను కనిపెట్టేవాణ్ణే కాదు."

"నువ్వంతంత మాటలంటుంటే ఊరుకునేదెలా," అన్నాడు జెరె, "కోతులు తినేవాడా."

దానికి జవాబు కసోండె నాలుక చివరే ఉంది. వినేవాడు లేడు.

"మొసలి కథే ఉండనీ. తల్లికి తెలియక్కర్లేదు," అన్నాడు చీఫ్. పాత గొయ్యే తవ్వించారు. ఇద్దరు కూలీలు, చీఫ్, కసోండె. ఏడవడానికి మనిషి లేడు, నవ్వడానికీ లేడు. మట్టి కప్పడం అయ్యాక చీఫ్ అతని భుజం తట్టాడు.

"కానివ్వవయ్యా. నీ పని."

కసోండె వంగి, మట్టిని అరచేత్తో సర్దాడు.

"ఎలుకలు తినే బావా, నీ చావుకి రెండుసార్లు వచ్చాను. మూడోసారి పిలిస్తే మాత్రం రాను."