వెయ్యో భాగహారం

చీటీలో నాలుగే పనులు. కళ్ళజోడు బాగు చేయించాలి. 7907తో భాగించాలి. 7919తో భాగించాలి. చెల్లికి చెప్పాలి.

మొదటి మూడింటికీ టిక్కులున్నాయి. నాలుగోదానికి లేదు.

"అన్నయ్య కుర్చీలోనే పోయాడు సార్. గుండె ఆగింది, దానికెవరేం చేస్తారు?" అంది చీటీ తెచ్చినావిడ. "కానీ ఆయన నోటుబుక్కు మాయమైంది. రేపు పట్టిక అచ్చుకెళ్తోంది, పక్క బల్ల గుమాస్తా పేరుతో."

డిటెక్టివ్ ఎర్రబడ్డ కళ్ళు నులుముకున్నాడు. వారం నుంచి సరిగా నిద్ర లేదు. అతని సహాయకురాలు వివరాలు రాసుకుంది. కంప్యూటర్లు రాని రోజులవి. సంఖ్యల పట్టికలు తయారుచేసే ఆఫీసులో 829348951కి కారణాంకాలున్నాయో లేదో ఎవరికీ తెలియదు. చనిపోయిన పెద్ద గుమాస్తా ఆఫీసు పని ముగిశాక దాన్ని రెండు, మూడు, అయిదు, ఏడు అంటూ ఒక్కో ప్రధాన సంఖ్యతో పలక మీద భాగిస్తూ, శేషం మాత్రం నోటుబుక్కులో రాస్తూ మూడేళ్ళు గడిపాడు. 7919 వెయ్యో ప్రధాన సంఖ్య. అక్కడ శేషం సున్నా.

"అంతా నా కష్టమేనండీ," అన్నాడు పక్క బల్ల గుమాస్తా, ఆఫీసుకొచ్చిన డిటెక్టివ్ ముందుకు తన నోటుబుక్కు తోసి. "పాపం, ఆయనకి చూపే ఆనేది కాదు. నేను చెబితే టిక్కు పెట్టుకునేవాడు."

మొదటి పేజీ పైన గుండ్రటి చేతిరాతలో 829384951 అని ఉంది. కింద శేషాలు: రెండుకి 1, మూడుకి 1, అయిదుకి 1, ఏడుకి 4.

"ప్రతిసారీ ఈ పైనున్న సంఖ్య చూసే భాగించారా?"

"దీన్నే. అంకెలన్నీ కూడి తొమ్మిదితో సరిచూశాను కూడా. మా ఆఫీసులో అందరం అంతే."

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ అధికారి గదిలో కూర్చోబెట్టాడు. పలక అధికారి చేతికిచ్చాడు.

"నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు ఏడుతో భాగించండి."

"శేషం మూడు," అన్నాడు అధికారి. "ఇక్కడ నాలుగని ఉందే!"

"ఒక్కటి తప్పితే కొంప మునిగిందా?" అన్నాడు గుమాస్తా.

"7919తో కూడా వెయ్యండి."

సుద్దముక్క చాలాసేపు గీసింది. "4324 మిగిలింది. ఇక్కడ సున్నా అని ఉంది."

డిటెక్టివ్ నీరసంగా గోడకి ఆనుకున్నాడు. "అసలు సంఖ్యలో 48. మీరు ఎక్కించుకున్నది 84. అంకెలు అవే కాబట్టి తొమ్మిది పట్టుకోలేదు. రెండు, మూడు, అయిదు కూడా పట్టుకోలేదు. ఏడు పట్టుకుంది. ఈ సంఖ్యని భాగిస్తే ఈ శేషాలు రావు. ఇవి అసలు సంఖ్యవి, ఆయన నోటుబుక్కులోవి. మీరు ఒక్కసారైనా భాగించలేదు."

"రెండంకెలు తారుమారైతే..." అన్నాడు గుమాస్తా.

"మా అన్నయ్యకి నిద్రలో కూడా తారుమారు కావు," అంది చెల్లెలు.

గుమాస్తా వెళ్ళి తన బల్ల సొరుగు తెరిచాడు. అట్ట చిరిగిన నోటుబుక్కు బయటికొచ్చింది.

మెట్లు దిగుతూ సహాయకురాలు అంది, "మీ బుర్రే బుర్ర సార్."

"ఊరుకోమ్మా. నేను ఏడు దాకా వెళ్ళానంతే. ఆయన వెయ్యి దాకా వెళ్ళాడు."

వెనక గదిలో చెల్లెలు చీటీ తీసి, నాలుగో పనికి తనే టిక్కు పెట్టింది.

829348951 = 7919 × 104729. ఎప్పుడైనా ఈ వరుస మీ కంటబడితే, దాని ముందు సున్నా రాని 999 సాయంత్రాలు కూర్చున్న మనిషిని ఒక్కసారి తలుచుకోండి.