కనుబొమ్మకి అంగుళం పైన

"అన్నయ్యా..."

కేక వీధి ఆ చివరి నుంచి వచ్చింది. ఈ చివర రేకుల షెడ్డు కింద పలావులో ఉప్పు చూస్తున్న ఇస్సాకు, గరిటె నోటిదాకా తెచ్చుకుని అలాగే ఉండిపోయాడు. షెడ్డు మీద వాన దబదబా కొడుతోంది. టైము పన్నెండున్నరే, కానీ తుఫాను ముసురు పట్టి తెనాలంతా సాయంత్రం ఆరైనట్టుంది.

"అభిషేక్ బాబు గొంతులా ఉందండి," అన్నాడు వంట యాకోబు, కట్టె ఎగదోస్తూ.

ఉండటమేంటి, వాడిదే. ఇస్సాకు అన్నగారి రెండో కొడుకు. పుట్టిన్నాటి నుంచి వింటున్న గొంతు. ఆయన్ని ఆపేసింది గొంతు కాదు, వాడన్న మాట. వాడు అన్నయ్యా అని పిలవాల్సిన మనిషి పోయి ఆ రోజుకి సరిగ్గా ఏడాది. ఈ పలావూ, కోడికూరా, చర్చి నుంచి తెచ్చిన యాభై కుర్చీలూ ఆ మనిషి జ్ఞాపకార్థ కూడిక కోసమే.

ఇస్సాకు గొడుగు సంగతి మర్చిపోయి, పంచె ఎగ్గట్టి వానలోకి దిగాడు.

ఇస్సాకుది బాపట్ల. తాలూకాఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. చదివింది పదో తరగతే, అదీ రెండోసారి రాస్తే గట్టెక్కింది. దస్తూరి మాత్రం చూసి తీరాలి. కర్లపాలెం నుంచి చీరాల దాకా చుట్టాల్లో ఎవరికి అర్జీ కావాలన్నా ఆయనే రాయాలి. రాసి, పైకి చదివి, ఆ వాక్యం ఎలా కుదిరిందో చూశారా అని తనే మెచ్చుకునే రకం. అన్న పోయాక తెనాలి ఐతానగర్‌లో ఉన్న వదిన రిబ్కాకీ, ఆవిడ ఇద్దరు మగపిల్లలకీ పెద్దదిక్కు ఆయనే.

ఆ ఇద్దరూ కిందటేడు రేపల్లెలో పెళ్లి చూసుకుని ఒకే బండి మీద తిరిగొస్తూ, వానలో కాలవ మలుపు దగ్గర జారారు. పెద్దాడు శాలేమురాజు బండితో సహా కాలవలో పడి పోయాడు. చిన్నాడు అభిషేక్ రోడ్డు మీద స్పృహ లేకుండా దొరికాడు. బండి నడిపింది అన్నేనని, తాగున్నాడని, వద్దంటే వినకుండా ఉన్న ఒక్క హెల్మెట్టూ తమ్ముడి నెత్తిన పెట్టి వెనక కూర్చోబెట్టుకున్నాడని, పడ్డాక తనకేమీ తెలీదని చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు స్టేషన్‌కి ఇవ్వాల్సిన కాయితం మీద పెట్టింది ఇస్సాకే. ఎక్కడా కొట్టివేత లేకుండా, ఒక్క ఊపులో.

ఆ కాయితం పుణ్యమా అని శాలేమురాజు పేరు ఊళ్లో తాగుబోతు పేరైపోయింది. రిబ్కా అయితే ఇంట్లో ఉన్న వాడి ఫోటోలన్నీ పెట్టెలో పడేసి తాళం వేసింది. తను పోయింది చాలక తమ్ముణ్ణి కూడా తీసుకుపోబోయాడు, వాడి మొహం నాకు చూపించకండి అంది. ఏడాది కూడికకైనా ఫోటో పెట్టనిస్తుందేమోనని ఇస్సాకు బాపట్లలో ఒకటి ఫ్రేము కట్టించి సంచిలో దాచి తెచ్చాడు. తీసే ధైర్యం ఇంకా రాలేదు.

అలాంటి ఆవిణ్ణి కాస్త మెత్తబరిచింది, చెబితే నవ్వుతారు, వీడియో గేము.

అభిషేక్ ముందుగదిలో టీవీకి తగిలించి ఆడే ఆట అది. రాక్షసులతో కత్తియుద్ధం. మహా కష్టం. ఒక్కో రాక్షసుడి చేతిలో అరవైసార్లు చావాలి, అరవయ్యొక్కటోసారి గెలిస్తే గెలిచినట్టు. మొదటిసారి చూసి ఇస్సాకు, డబ్బులిచ్చి మరీ చావడమేంట్రా అని ఎగతాళి చేశాడు. కానీ ఆట మొదలెట్టే ముందు మన మనిషిని మనమే చేసుకోవాలని చూపించాడు అభిషేక్. ముక్కు వెడల్పుకి ఒక గీత, గడ్డానికో గీత, కనుబొమ్మల మందానికో గీత, ఒక్కో గీత మీద ఒక్కో బుడిపె. బుడిపె అటు జరిపితే ముక్కు లావు, ఇటు జరిపితే సన్నం. మచ్చలైతే వందరకాలు. ఇస్సాకు ఆ పూట భోజనం కూడా మానేసి, తనకి జన్మలో రాని గుబురు మీసం పెట్టుకుని ఒక వీరుణ్ణి తయారుచేసి, వీధిలో పిల్లలందర్నీ పిలిచి చూపించాడు.

"చచ్చేది వీడే కదా బాబాయ్," అన్నాడు అప్పుడు అభిషేక్. "ముక్కూ మొహం లేనోడు చస్తే మనకేంటి? మనం చేసినోడు చస్తేనే మళ్లీ లేపాలనిపిస్తుంది."

ఆ మాట గుమ్మంలో నిలబడి రిబ్కా వింది. నాలుగు రోజులు ఊరుకుంది. ఐదోరోజు అన్నం తిన్నాక వచ్చి చిన్నాడి పక్కన కూర్చుని, పెద్దాణ్ణి చెయ్యగలవా అని అడిగింది.

నెల పట్టింది. పెట్టె తాళం తియ్యలేదు, ఫోటో చూడలేదు. ఆవిడ కళ్లు మూసుకుని చెప్పడం, వాడు బుడిపెలు జరపడం. ముక్కు ఇంకాస్త పైకి. ఆ పెదవి అలా కాదు, నవ్వబోయి ఆపుకున్నట్టుండాలి. చివరికి ఒకరోజు టీవీలో శాలేమురాజు నిలబడ్డాడు. రిబ్కా లేచి వెళ్లి టీవీ అద్దం మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉండిపోయింది. అప్పుడే కొడుకు చేత మాట తీసుకుంది. వీణ్ణి యుద్ధాలకి తీసుకెళ్లకూడదు, ఒక్కసారి కూడా చావనివ్వకూడదు. అప్పట్నుంచి ఆ బొమ్మ ఆటలో మొదట వచ్చే చలిమంట దగ్గరే నిలబడి ఉంటుంది. రోజూ కాసేపు చూసుకుని ఆవిడ పడుకుంటుంది.

ఒక్క చిక్కొచ్చింది. అభిషేక్ ఆ బొమ్మ నెత్తిన ఇనప టోపీ పెడతాడు. తెల్లారి చూస్తే ఉండదు. మొహం కనబడాలని అమ్మ తీసేస్తోందనుకున్నాడు వాడు. ఆవిడకేమో ఆ బటన్లే తెలీవు, వాడే తీస్తున్నాడనుకుంది. ఇద్దరూ విడివిడిగా చెబితే విని ఇస్సాకు నవ్వుకున్నాడే గానీ, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆవేళ కూడా ప్రార్థనకి ముందు ఒక్కసారి వాణ్ణి చూపించరా అని ఆవిడే అడిగింది. చుట్టాలింకా రాలేదు, ఆవిడ వంటింట్లో ఉంది. చిన్నాడు టీవీ పెట్టాడు. ఆ తర్వాతే కేక.

ఇస్సాకు ఇంట్లోకి వచ్చేసరికి అభిషేక్ గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ కింద పడి ఉంది. గది కిటికీలన్నీ వేసే ఉన్నాయి, అయినా ఏదో వాసన. కాలవలో గుర్రపుడెక్క కుళ్లితే వచ్చే వాసన. నల్లబురద వాసన.

టీవీలో చలిమంట వెలుగుతోంది. పక్కన శాలేమురాజు. నెత్తిన టోపీ లేదు. జుట్టు తడిసి మొహానికి అంటుకుంది... ఆ ఆటలో వాన లేదు. ఎడమ కనుబొమ్మని ఆనుకుని, కొడవలిలా వంపు తిరిగిన గాటు.

 ఆ గాటు ఆయనకి తెలుసు. రేపల్లె ఆసుపత్రిలో శవాన్ని గుర్తుపట్టడానికి ఆయన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. ముసుగు తీసినప్పుడు చూశాడు. శవపెట్టెలో పెట్టేటప్పటికి తలంతా కట్టు. తల్లికి కూడా చూపించలేదు. ఆవిడ ఓర్చుకోలేదని ఆ గాటు సంగతి తనెవరికీ చెప్పలేదు. ఒక్కటే తేడా... అసలు దెబ్బ కనుబొమ్మకి అంగుళం పైన, జుట్టు మొదట్లో ఉంది.

"ఎవరు పెట్టారురా అది?" గుసగుసగా అడిగాడు.

"నేను కాదు బాబాయ్."

"మీ అమ్మా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. అప్పుడే కరెంటు పోయింది.

గది చీకటైపోయింది. వాన చప్పుడు... గోడ గడియారం చప్పుడు... కింద నేల మీద ఇంకో చప్పుడు. గుర్ర్... గుర్ర్... కంట్రోలర్ తనంతట తనే వణుకుతోంది. ఆటలో మన మనిషికి దెబ్బ తగిలితే అలా వణుకుతుంది. టీవీ ఆరిపోయింది. ఆట పెట్టె ఆరిపోయింది. అది మాత్రం ఆగలేదు. దాని చిన్న నీలం దీపం వెలుగులో అభిషేక్ కాళ్లు కనిపిస్తున్నాయి. చెప్పుల్లేని కాళ్లు. కాళ్ల చుట్టూ నీళ్లు.

ఎక్కడివా నీళ్లు?

 భయాన్ని తోసుకుని ఇంకో ఆలోచన వచ్చింది. అర్జీలు రాసిన బుర్ర కదా, ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టి చూడటం అలవాటు.

"అభీ, ఆటలో మచ్చలు మామూలే కదరా. నువ్వేగా నాకు చూపించావు, వందరకాలున్నాయని."

నీలం వెలుగులో వాడి కాలివేళ్లు ముడుచుకున్నాయి.

"మచ్చ చూసి అన్నయ్యా అని ఎందుకరిచావు? అది మీ అన్న దెబ్బని నీకెలా తెలుసు?"

గుర్ర్... గుర్ర్...

"రోడ్డు మీద స్పృహ తప్పి పడ్డానన్నావు. ఏమీ చూళ్లేదన్నావు. నా చేత అలాగే రాయించావు."

చీకట్లో వాడి ఊపిరి వినబడింది. ఏడవడానికి కూడా భయపడేవాడి ఊపిరి.

"నేనే నడిపాను బాబాయ్."

ఇస్సాకు వాడి వైపు ఒక అడుగు వేశాడు.

"అన్న తాగలేదు. నన్ను నడపనీ అని నేనే లాక్కున్నాను. హెల్మెట్ నడిపేవాడికే ఉండాలని నాకు పెట్టాడు. లైసెన్సు లేదు... కానిస్టేబుల్ సెలక్షన్‌లో పేరుంది... కేసైతే పోతుందని..."

"పడ్డాక వాడు బతికే ఉన్నాడా?"



"ఉన్నాడు. మెడ దాకా నీళ్లలో. తల మీంచి రక్తం. నన్నే చూస్తున్నాడు. నేను గట్టెక్కి... రోడ్డు మీద పడుకుని... కళ్లు మూసుకున్నాను."

కంట్రోలర్ ఆగిపోయింది.

ఇస్సాకుకి తన చెయ్యే పరాయిదానిలా అనిపించింది. ఈ చేత్తోనే ఎత్తుకుని తిప్పాడు ఇద్దర్నీ. ఈ చేత్తోనే ఒకడి అబద్ధాన్ని ఇంకొకడి నెత్తిన రాశాడు. ఆ రోజు వాడు ఆసుపత్రి మంచం మీద ఏడుస్తుంటే, తొందర లేదు నాన్నా, మెల్లిగా చెప్పు, నేను బాగా రాస్తాగా అన్నాడు. వాడు మెల్లిగానే చెప్పాడు. అన్నీ ఆలోచించుకుని.

వంటింటి గుమ్మంలో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. రిబ్కా ఎప్పట్నుంచి నిలబడి ఉందో తెలీదు. ఏడవలేదు, కొట్టలేదు. చీకట్లోనే నడిచి వచ్చి ఇస్సాకు సంచి తెరిచి ఫోటో తీసింది. అది అందులో ఉందని ఆవిడకెలా తెలుసో ఆయన అడగలేదు. ఫోటో కొంగుతో తుడిచి, ప్రార్థన బల్ల మీద బైబిలు పక్కన నిలబెట్టింది.

"ఇస్సాకూ, రాసింది నువ్వే కదా. మళ్లీ నువ్వే రాయి. అందరి ముందూ చదువు. ఆ తర్వాతే అన్నం."

కుర్చీలేసిన పందిరి కారిపోతోందని, వచ్చిన జనమంతా నడవలోకి చేరారు. రేపల్లె నుంచి వచ్చిన చుట్టాలు, పాస్టరు గారు, ఇరుగుపొరుగు. ఇస్సాకు కొవ్వొత్తి పెట్టుకుని రాశాడు. మొదటిసారిగా ఆయన దస్తూరి వంకర పోయింది, మూడుచోట్ల కొట్టివేత పడింది. అభిషేక్ సంతకం పెట్టాడు. ఇస్సాకు పైకి చదివాడు. బండి నడిపింది నేను, మా అన్న కాదు అనే చోట రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.  సోమవారం పొద్దున్నే తనూ బాబాయీ స్టేషన్‌కి వెళ్తామని అభిషేక్ నేలచూపులు చూస్తూ చెప్పాడు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. తాగుబోతని తిట్టిన నోళ్లతోనే శాలేమురాజు పేరు పలికి అందరూ ఆమెన్ అన్నారు.

అప్పటికి మూడైంది. కరెంటొచ్చింది. యాకోబు పలావు వెచ్చబెట్టి తెచ్చాడు. నడవలో రెండు వరసలు చాపలేసి ఆకులు పరిచారు. అభిషేక్ గోడవార నిలబడ్డాడు, కూర్చోమని ఎవరూ అనలేదు.

"నువ్వూ రా," అంది రిబ్కా, తన పక్కన చోటు చూపిస్తూ. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

వాడొచ్చి కూర్చున్నాడు. ఎదురుగా ఇస్సాకు. అందరూ ఆకుల మీదికి వంగారు. ఏడాదిగా ఆ ఇంట్లో అంతమంది కలిసి తిన్నది లేదు. ఇస్సాకు ముద్ద కలుపుతూ ముందుగది వైపు చూశాడు. టీవీ దానంతటదే వచ్చినట్టుంది. చలిమంట పక్కన శాలేమురాజు. జుట్టు పొడిగా ఉంది. మొహం మీద ఏ మచ్చా లేదు. పెదవి మీద, నవ్వబోయి ఆపుకున్నట్టు...

హమ్మయ్య అనుకుని ఇస్సాకు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఇదేంటి నాన్నా, బురదా?" అంటోంది రిబ్కా.

అభిషేక్ నుదుటి మీద జుట్టు తోసి, కొంగు చివరతో తుడుస్తోంది. పోలేదు. కొంగు తడిపి మళ్లీ తుడిచింది. ఇంకాస్త గట్టిగా. ఇంకాస్త పైకి. వాడు నొప్పేమీ లేనట్టు తింటూనే ఉన్నాడు.

ఎడమవైపు. కొడవలిలా వంపు తిరిగి... కనుబొమ్మని ఆనుకుని కాదు.

అంగుళం పైన.